దాణా బాగా తిన్న తొలిచూలు గొర్రెలకే చిన్న పిల్లలు ఎందుకు పుట్టాయి?

ప్రశ్న అడిగినవారు: కొత్తమంద

నేను గొర్రెల పెంపకం మొదలుపెట్టి ఇది మూడో ఏడు. ఈసారి ఈతల లెక్క రాసుకుంటుండగా నాకు ఎంత ఆలోచించినా అంతు చిక్కని విషయం ఒకటి కనిపించింది. నా మందలో మూడు నాలుగు ఈతలు ఈనిన పెద్ద గొర్రెలతో పాటు, ఇంకా పూర్తిగా ఎదగకుండానే, అంటే ఎనిమిది తొమ్మిది నెలల వయసులోనే పొట్టేలు కలిసిన పన్నెండు తొలిచూలు గొర్రెలు కూడా ఉన్నాయి. అవి ఇంకా ఎదిగే వయసులో ఉన్నాయి, పైగా కడుపుతో ఉన్నాయి కదా అన్న జాలితో చూలు కట్టిన రోజు నుంచీ వాటికి వేరే దొడ్డి కట్టి, తిన్నంత దాణా పెట్టాను. పెద్ద గొర్రెలకు మాత్రం ఎప్పటిలాగే మేత మీదే నడిపి, ఈనడానికి ఆరు వారాల ముందు నుంచి దాణా మొదలుపెట్టాను.

తీరా చూస్తే, పెద్ద గొర్రెలకు పుట్టిన ఒంటి పిల్లలు నాలుగు కిలోల పైన తూగాయి. తొలిచూలు గొర్రెలకు పుట్టినవన్నీ ఒంటి పిల్లలే అయినా చాలావరకు రెండున్నర కిలోలు దాటలేదు. వాటిలో కొన్ని అనుకున్న రోజుకంటే రెండు మూడు రోజుల ముందే పుట్టాయి. తల్లులు చూడడానికి నున్నగా, వెన్నెముక చేతికి తగలనంతగా బలిసి ఉన్నాయి, కానీ పొదుగులో ముర్రుపాలు మాత్రం పిల్లకు చాలినంత లేవు. తల్లి వయసు తక్కువ కాబట్టి పిల్ల చిన్నదిగా పుట్టిందనుకుందామంటే, నిరుడు ఇదే వయసులో దాణా లేకుండా మామూలు మేత మీద ఈనిన రెండు గొర్రెలకు ఇంతకంటే పెద్ద పిల్లలు పుట్టాయి. తల్లికి ఎక్కువ పెడితే పిల్ల చిన్నదయ్యే అవకాశం నిజంగా ఉంటుందా? చూలు కాలంలో ఏ దశలో పెట్టిన తిండి పిల్లకు చేరుతుందో తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: పశుపోషణ విద్యార్థి

కొత్తమంద గారూ, మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే ముందు కడుపులో ఏ పని ఎప్పుడు జరుగుతుందో ఒక్కసారి చూడడం అవసరం, ఎందుకంటే తల్లి తిన్న తిండికీ పిల్ల బరువుకూ మధ్య మాయ (గర్భసంచిలో తల్లి నుంచి పిండానికి తిండి అందించే అవయవం) అనే ఒక దళారి ఉంది, ఆ దళారి సత్తువను బట్టే బేరం నడుస్తుంది.

గొర్రెకు చూలు కాలం సగటున 147 రోజులు. మొదటి రెండు వారాలు పిండం గర్భసంచిలో ఎక్కడా అంటుకోకుండానే పెరుగుతుంది. సుమారు 16వ రోజు నుంచి గోడకు అంటుకోవడం మొదలవుతుంది. గొర్రెకు మాయ ఒకే పలకలా ఉండదు. గర్భసంచి లోపలి గోడ మీద పుట్టుకతోనే బొడిపెలు ఉంటాయి. పిండం వైపు నుంచి వచ్చే మాయ ముక్కలు ఆ బొడిపెలకు గుండీల్లా పట్టుకుంటాయి. సాధారణంగా ఇలాంటి గుండీలు 70 నుంచి 100 దాకా ఏర్పడతాయి. కవలలైతే ఉన్న బొడిపెలనే ఇద్దరూ పంచుకోవాలి కాబట్టి ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది, గుండీల సైజు కొంత పెరిగినా ఆ లోటు పూర్తిగా తీరదు. ఈనిన తరువాత పడిపోయిన మాయను పారవేసే ముందు ఒక్కసారి పరిచి చూడండి. పిల్ల ఎందుకు చిన్నదో చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది.

ఈ మాయ బరువు పెరగడం దాదాపుగా 75 నుంచి 90 రోజుల మధ్యలోనే ముగిసిపోతుంది. అప్పటికి పిండం బరువు పుట్టేనాటి బరువులో ఆరో వంతు కూడా ఉండదు. తరువాతి రెండు నెలల్లో, అందులోనూ చివరి ఆరు వారాల్లో, పిల్ల తన బరువులో సుమారు 70 శాతం సంపాదించుకుంటుంది. అందుకే పాత పుస్తకాలన్నీ చివరి ఆరు వారాల మేత గురించే గట్టిగా చెబుతాయి. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో ఎల్. ఆర్. వాలెస్ చేసి 1948లో ప్రచురించిన ప్రయోగాలు చూలు చివర్లో మేత తగ్గితే పుట్టే పిల్ల, ముఖ్యంగా కవల పిల్ల, ఎంత నష్టపోతుందో స్పష్టంగా చూపించాయి, ఆ మాట ఇప్పటికీ నిజమే. అయితే చివరి వారాల్లో పెట్టిన దాణా పిల్లకు చేరాలంటే, అంతకుముందే కట్టి ఉన్న మాయ గుండానే చేరాలి.

పిండానికి ముఖ్యమైన ఇంధనం గ్లూకోజు. అది ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి మాయ గుండా జారుతుంది. పిండం రక్తంలో గ్లూకోజు తల్లి రక్తంలో ఉన్నదానిలో మూడో వంతుకు దగ్గరగా ఉండడం అందుకే. పైగా గర్భసంచికి అందిన గ్లూకోజులో సగానికి పైగా మాయ తన అవసరాలకే వాడుకుంటుంది. దళారి ఖర్చు ఎంత ఎక్కువో చూడండి. కాబట్టి తల్లి రక్తంలో చక్కెర పుష్కలంగా ఉన్నా, మాయ చిన్నదై దానికి అందే రక్తం తగ్గితే పిల్లకు చేరేది తక్కువే అవుతుంది. మీ తొలిచూలు గొర్రెల విషయంలో అదే జరిగి ఉంటుందని నా అనుమానం.

జవాబు: పాత కాపరి

మాయ సంగతి విద్యార్థి గారు చక్కగా చెప్పారు, కానీ మందను నడిపేవాడికి కడుపులోని మాయ కనిపించదు, చేతికి తగిలేది గొర్రె నడుమే. అందుకని నేను చేతి లెక్క చెబుతాను. చివరి పక్కటెముక వెనుక, వెన్నుపూసల మీదా వాటి పక్క కొనల మీదా వేళ్లు నొక్కి, 1 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. ఒకటి అంటే ఎముక మీద చర్మం తప్ప ఏమీ లేనట్టు. ఐదు అంటే ఎముక ఎక్కడుందో తెలియనంత కొవ్వు. పొట్టేలు కలిసే నాటికి 3 దగ్గర ఉండి, ఈనే నాటికి రెండున్నరకు తక్కువ కాకుండా ఉంటే నాకు తృప్తి. ఒక మార్కు పెంచాలంటే మంచి మేత మీద కూడా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది కాబట్టి, ఈనడానికి మూడు వారాల ముందు మేల్కొన్నవాడు చేయగలిగింది చాలా తక్కువ. మీరు వర్ణించిన గొర్రెలకు నేనైతే నాలుగున్నర వేసేవాణ్ణి.

పెద్ద గొర్రెల్లో కవలలు మోసేవాటి గురించి ఒక మాట చెప్పాలి, మీరు అడగకపోయినా. చూలు చివర్లో గర్భసంచి పెరిగి నెమరుపొట్టను నొక్కేస్తుంది. అవసరం రెండింతలకు దగ్గరగా పెరిగే సమయానికే తినగలిగే చోటు తగ్గిపోతుంది. ముతక ఎండుగడ్డి ఎంత వేసినా ఆ కడుపు నిండుతుందే తప్ప అవసరం తీరదు, అందుకే ఆ దశలో మేత గుణం ముఖ్యం. అవసరం తీరనప్పుడు గొర్రె తన ఒంటి కొవ్వును కరిగించుకుంటుంది. ఆ కొవ్వు ఒక్కసారిగా కాలేయం మీద పడితే, కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లు అనే పదార్థాలు రక్తంలో పేరుకుని, గొర్రె మందకు దూరంగా నిలబడడం, దాణా దగ్గరకు రాకపోవడం, చూపు మందగించినట్టు గోడకు తల ఆనించడం, చివరికి పడుకుని లేవకపోవడం జరుగుతుంది. రక్తపరీక్షలో బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్ అనే కీటోను లీటరుకు 0.8 మిల్లీమోల్ లోపల ఉంటే తిండి చాలుతున్నట్టు, 1.6 దాటితే బాగా చాలడం లేదన్నట్టు, 3 దాటితే జబ్బు పట్టినట్టు పశువైద్యులు లెక్క వేస్తారు. బక్కచిక్కిన గొర్రెకు ఎంత ప్రమాదమో బాగా బలిసిన గొర్రెకు కూడా అంతే ప్రమాదం, ఎందుకంటే లావు గొర్రె చివర్లో తక్కువ తింటుంది, కరిగించడానికి కొవ్వు మాత్రం దాని దగ్గర గుట్టలుగా ఉంటుంది. గొర్రె పడుకుండిపోయాక చేసే వైద్యం చాలాసార్లు ఫలించదు. దాణా ముందు నిలబడి తినని మొదటి పూటే వైద్యుణ్ణి పిలవాలి.

ఇక మధ్య నెలల్లో మేత కొద్దిగా తగ్గినా గొర్రె తట్టుకుంటుందన్నది నా అనుభవం. విద్యార్థి గారు మాయ అంతా అప్పుడే కడుతుందంటున్నారు కాబట్టి, నా మాట తప్పైతే సరిదిద్దండి.

జవాబు: కొత్తమంద

ఇద్దరికీ కృతజ్ఞతలు. కానీ నా చిక్కు ఇంకా ముదిరింది. మాయ మధ్య నెలల్లోనే కట్టేదైతే, ఆ నెలలన్నిటా కడుపు నిండా తిన్న నా తొలిచూలు గొర్రెలకు అందరికంటే పెద్ద మాయ ఉండాలి కదా? దాణా తిన్నవాటికే మాయ చిన్నదైందంటే కారణం ఏమిటి? విద్యార్థి గారి మాట విని, ఆలస్యంగా ఈనిన ఒక తొలిచూలు గొర్రె మాయను పరిచి చూశాను. పెద్ద గొర్రె మాయతో పోలిస్తే గుండీలు సంఖ్యలోనూ తక్కువగానే ఉన్నాయి, చిన్నవిగానూ ఉన్నాయి.

జవాబు: పిండ శరీరధర్మ పరిశోధకురాలు

కొత్తమంద గారూ, మీ దొడ్డిలో మీకు తెలియకుండానే ఒక ప్రసిద్ధమైన ప్రయోగాన్ని మళ్లీ చేశారు. స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో రోవెట్ పరిశోధనా సంస్థలో జాక్వెలిన్ వాలెస్ బృందం 1990ల నుంచి సరిగ్గా ఈ ప్రశ్న మీదే పనిచేసింది. (పై జవాబులో వచ్చిన 1948 నాటి వాలెస్ వేరు, ఈమె వేరు.) వారు ఎదిగే వయసులో ఉన్న గొర్రెలకు పిండాన్ని ఒక్కొక్కటిగా మార్పిడి చేసి, కొన్నింటికి ఒక మోస్తరుగా, కొన్నింటికి తిన్నంత దాణా పెట్టారు. తిన్నంత దాణా పెట్టినవాటిలో తల్లులు వేగంగా లావెక్కాయి, మాయ మాత్రం చిన్నదైంది, పిల్లల బరువు సగటున సుమారు నాలుగో వంతు తగ్గింది, చూలు కాలం రెండు మూడు రోజులు కురచైంది, ముర్రుపాలు తగ్గాయి. మీరు రాసిన లక్షణాలతో ఇవి ఒక్కొక్కటిగా సరిపోతున్నాయి.

కారణం ఇదీ. పెద్ద గొర్రెకు శరీరం కట్టడం అయిపోయింది. అది మిగిలిన తిండిని పిండం కోసం వదలగలదు. ఎదిగే వయసులో ఉన్న గొర్రెకు మాత్రం తన సొంత కండ, ఎముక, కొవ్వు కట్టుకోవడం ఇంకా మిగిలే ఉంటుంది. అలాంటిదానికి పుష్కలంగా దాణా అందితే ఇన్సులిన్, ఐజీఎఫ్-1 వంటి పెరుగుదల హార్మోన్లు రక్తంలో పెరిగి, ‘ముందు నీ ఒళ్లు పెంచుకో’ అన్న సంకేతం శరీరమంతటా బలంగా వెళుతుంది. దానికి తోడు ఎక్కువ తిన్న గొర్రెలో కాలేయం గుండా రక్తప్రవాహం పెరిగి, చూలును నిలబెట్టే ప్రొజెస్టిరోన్ త్వరగా కరిగిపోయి, రక్తంలో దాని స్థాయి తగ్గుతుంది. చివరికి మాయలో కణాలు చీలి పెరగడం మందగిస్తుంది, గర్భసంచికి రక్తం తక్కువగా వెళుతుంది. విచిత్రమేమిటంటే ఆ తల్లుల రక్తంలో గ్లూకోజు ఎక్కువగానే ఉంటుంది, పిండం రక్తంలోనే తక్కువ. గింజలు గాదెలో నిండుగా ఉన్నాయి, కానీ గాదె గుమ్మం ఇరుకు.

ఇందులో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది వారు 50వ రోజున మేత మార్చి చేసిన పరీక్ష. చూలు కాలం మొదటి మూడో వంతులో దాణా దండిగా తిని, 50వ రోజు నుంచి ఒక మోస్తరు మేతకు మారిన గొర్రెల్లో మాయా కోలుకుంది, పిల్ల బరువూ కోలుకుంది. మొదట మోస్తరుగా తిని 50వ రోజు తరువాత దండిగా తిన్నవాటిలో పిల్లలు చిన్నవయ్యాయి. అంటే నష్టం జరిగేది చాలావరకు మాయ కట్టే మధ్య కాలంలోనే, పొరపాటు గుర్తిస్తే దిద్దుకోవడానికి వ్యవధి ఉంది. నిరుడు మామూలు మేత మీద ఈనిన మీ రెండు గొర్రెలు మెరుగైన పిల్లల్ని ఈనడంలో వింత లేదన్నమాట. అయితే దీన్ని చదివి తొలిచూలు గొర్రెలను పస్తు పెట్టడం మొదలుపెట్టకండి. ఒంట్లో నిల్వ లేని పడుచు గొర్రెకు మేత బాగా తగ్గిస్తే మాయ బాగానే ఉన్నా, అందించడానికి తల్లి దగ్గర సరుకు లేక పిల్ల చిన్నదే అవుతుంది. తన వయసుకు తగ్గ మెల్లని పెరుగుదల ఉండేలా, కొవ్వు పట్టకుండా నడిపించి, చివరి ఆరు వారాల్లో పిండం అవసరం మేరకు పెంచడం సరైన దారి.

పాత కాపరి గారి అనుభవం తప్పు కాదు, కానీ దానికి ఒక షరతు ఉంది. చూలు కట్టే నాటికి మంచి ఒళ్లు ఉన్న పెద్ద గొర్రెకు మధ్య నెలల్లో మేత కొద్దిగా తగ్గితే, కొన్ని ప్రయోగాల్లో మాయ తగ్గకపోగా కాస్త పెరిగింది కూడా. తరువాత మేత బాగుంటే పిల్లకు నష్టం కలగలేదు. అదే తగ్గింపు అప్పటికే బక్కగా ఉన్న గొర్రెకు జరిగితే మాయ కుదించుకుపోయింది. ఒకే మేత మూడు రకాల తల్లుల్లో మూడు రకాల ఫలితాలు ఇస్తుంది కాబట్టి, మందనంతా ఒకే తొట్టి దగ్గర నిలబెట్టి సగటు లెక్కతో దాణా వేయడం నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద పొరపాటు.

మేతకు సంబంధం లేకుండా కూడా మాయ చిన్నది కావచ్చని గుర్తుంచుకోండి. మాయ పెరిగే కాలమంతా తీవ్రమైన వేడిలో ఉంచిన గొర్రెల్లో గర్భసంచికి వెళ్లే రక్తం తగ్గి, మాయా పిండమూ రెండూ చిన్నవవుతాయి. ఇది ఎంత కచ్చితంగా జరుగుతుందంటే, ఎదగని పిండాల గురించి పరిశోధించేవారు దీన్ని ఒక పద్ధతిగానే వాడుకుంటున్నారు.

జవాబు: పశుపోషణ విద్యార్థి

పరిశోధకురాలి గారి వివరణకు ఒక చేర్పు. చూలు కట్టకముందు మేత కూడా లెక్కలోకి వస్తుంది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ పరిశోధకులు 2003లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో, చూలు కట్టడానికి 60 రోజుల ముందు నుంచి, కట్టిన తరువాత 30 రోజుల దాకా మేత తగ్గించిన గొర్రెల్లో, ఆ తరువాత మేత మామూలుగానే ఉన్నా, పలు గొర్రెలు నెలలు నిండకుండానే ఈనాయి. గొర్రెలో ఈనడానికి సంకేతం పిండం మూత్రపిండాల దగ్గర ఉండే అడ్రినల్ గ్రంథి విడుదల చేసే కార్టిసాల్ అనే హార్మోను నుంచి వస్తుంది. ఆ పిండాల్లో ఆ గ్రంథి ముందుగానే పక్వమైందని వారు గమనించారు. కొత్తమంద గారి గొర్రెలు ముందుగా ఈనడానికి కారణం ఇదేనని నేను అనడం లేదు, ఆయన గొర్రెలు మేతకు కరువు పడినవి కావు.

బరువు ఒక్కటే కొలత కాదన్నది మరో విషయం. కండలోని పోగుల సంఖ్య, ఉన్నిలోని సన్న వెంట్రుకలకు మూలమైన కుదుళ్లు చాలావరకు తల్లి కడుపులోనే ఏర్పడతాయి. చూలు రెండో సగంలో తల్లి అర్ధాకలితో ఉంటే పిల్ల తరువాత ఎంత తిన్నా ఉన్ని కొంత తక్కువగా, ముతకగా వస్తుంది. ఖనిజాలు తక్కువైనా పిల్లే దెబ్బతింటుంది: అయోడిన్ లోపిస్తే గొంతు వాపుతో బలహీనమైన పిల్లలు, రాగి లోపిస్తే వెనుక కాళ్లు పట్టు తప్పే పిల్లలు, సెలీనియం లేదా విటమిన్ ఇ లోపిస్తే కండరాలు తెల్లబడి నిలబడలేని పిల్లలు పుడతాయి. అయితే రాగి విషయంలో గొర్రె చాలా సుకుమారం. ఆవులు, గేదెల కోసం తయారైన ఖనిజ మిశ్రమాన్ని గొర్రెలకు వేస్తే రాగి కాలేయంలో పేరుకుని ప్రాణం తీయవచ్చు.

జవాబు: కొత్తమంద

ఇప్పుడు నాకు విషయం బోధపడింది. వచ్చే చూలుకు తొలిచూలు గొర్రెలను మూడు మార్కు దాటకుండా నడిపిస్తాను, పెద్దవాటిలో కవలలున్నవాటిని స్కానింగు చేయించి వేరు చేస్తాను. ప్రస్తుతం నా దగ్గర ఇంకా ఈనవలసిన తొలిచూలు గొర్రెలు మూడు మిగిలాయి, వాటికి పది రోజుల వ్యవధి కూడా లేదు. ఇప్పుడు దాణా ఒక్కసారిగా ఆపేయవచ్చా?

జవాబు: పాత కాపరి

ఆపవద్దు. ఈ దశలో మాయ మారదు, దాణా ఆపినందువల్ల పిల్ల పెరగదు. లావుగా ఉన్న గొర్రె ఒక్క పూట తిండి మానినా కొవ్వు కరిగి నేను పైన చెప్పిన జబ్బు దగ్గరికి పోతుంది. ఉన్నదాన్నే అదే వేళకు పెట్టండి, మార్పు చేయకండి.

మీ శ్రద్ధంతా పుట్టబోయే పిల్ల మీద పెట్టండి. గొర్రెలో రోగనిరోధక పదార్థాలు మాయ గుండా పిండానికి చేరవు, ముర్రుపాల ద్వారానే చేరాలి, ఆ పాలు మీ గొర్రెల్లో తక్కువని మీరే రాశారు. చిన్న పిల్లకు ఒంటిని వెచ్చబరిచే గోధుమరంగు కొవ్వు కూడా తక్కువే ఉంటుంది, బరువుకు తగ్గట్టు చర్మం ఎక్కువ కాబట్టి వేడి త్వరగా పోతుంది. అందుకని ఇప్పుడే, పాలు సమృద్ధిగా ఉన్న పెద్ద గొర్రె ఈనగానే దాని పిల్లకు సరిపోయాక మిగిలిన ముర్రుపాలు పిండి గడ్డకట్టించి దాచండి. తొలిచూలు గొర్రె ఈనగానే పిల్లను తుడిచి ఆరబెట్టి, మొదటి రెండు గంటల్లోపల కిలో బరువుకు 50 మి.లీ. చొప్పున, మొదటి రోజు మొత్తం మీద కిలోకు 200 మి.లీ. చొప్పున తాగేలా చూడండి. దాచిన పాలను గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టి మెల్లగా కరిగించాలి. పొయ్యి మీద కాచితే విరిగి, అందులోని సత్తువ పోతుంది. పిల్ల నోట్లో వేలు పెట్టి చూసినప్పుడు చల్లగా తగిలితే ముందు వెచ్చబరచండి, తల నిలబెట్టి మింగగలిగే స్థితికి వచ్చాకే పాలు పట్టండి.